ఊడని కట్టు

సెనోబియా వదిన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, నా కొట్టు రాసిచ్చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా మా దుకాణాలు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. ఆవిడది స్పాంజి దుకాణం. నాది జిప్పులు, గుండీలు, ఎలాస్టిక్కు, బకిళ్ళు అమ్మే కొట్టు. ఆవిడ అమ్మేవన్నీ మనుషులు కూర్చోడానికీ పడుకోడానికీ పనికొచ్చేవే. ఆవిడ మాత్రం నిలబడే తింటుంది, నిలబడే బేరమాడుతుంది, నిలబడే కునుకు కూడా తీస్తుందేమోనని నా అనుమానం. మా పెద్దమ్మాయి బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా నిలబడింది కాబట్టి నాకు వదిన వరస. ఆ వరస అడ్డం పెట్టుకుని నా కొట్లో ఏ సొరుగైనా అడక్కుండా లాగేస్తుంది.

మా ఒరూరో ఊళ్ళో కార్నివాల్ పండగకి వేషాలేసుకుని ఊరేగింపులో ఆడతారు, దాని ముందు నెలంతా స్పాంజి లేందే ఎవరికీ పని జరగదు. రేకు ముసుగు నుదుటికి ఒరుసుకోకుండా లోపల స్పాంజి కావాలి. మోరెనాద నాట్యం ఆడేవాళ్ళ వేషం ఇరవై కిలోలు తూగుతుంది, పీపాలా గుండ్రంగా ఉంటుంది, అది భుజాల మీద ఆనేచోట స్పాంజి కావాలి. బూట్ల లోపల, తలపాగా అంచున, అన్నిచోట్లా కావాలి. వదిన పాత రంపం బ్లేడుని సాన పట్టి కత్తి చేసుకుంది. దాన్ని నీళ్ళలో ముంచి ఒక్క గీత గీస్తే స్పాంజి జున్నులా విడిపోతుంది. ఆ చేతికి తిరుగులేదు. నోటికే బొత్తిగా ఆగడం తెలీదు.

ఆ నోటి వల్లే వచ్చింది ఇదంతా. ఏడేళ్ళ కింద వాళ్ళాయన నికనోర్ అన్నకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆయన మినీబస్సు డ్రైవరు. రోజుకి పది మాటలు మాట్లాడతాడు, అందులో ఏడు స్టాపుల పేర్లు. డాక్టర్లు ఆశ లేదన్నట్టే మొహం పెట్టారు. వదిన ఆస్పత్రి నుంచి దుకాణం బట్టలైనా మార్చకుండా, అదే మాసిన ఏప్రన్‌తో, గనివాళ్ళని కాచే గనిమాత గుడికి పరిగెత్తింది. "తల్లీ, ఈయన్ని లేపావంటే మూడేళ్ళు నీ ముందు మోరెనాద ఆడిస్తాను," అని మొక్కేసింది. మొక్కింది ఈవిడ, ఆడాల్సింది ఆయన. సొంత పెళ్ళిలో కూడా అడుగు కదపని మనిషి! తొమ్మిదో రోజున ఆయన లేచి కూర్చున్నాడు. సంగతి చెబితే, "ఎన్నేళ్ళు?" అని అడిగాడు. "మూడు." "సరే," అన్నాడు. అంతే.

మొదటి ఏడు పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆడాడు. రెండో ఏడు జనం చల్లిన నురగకి రోడ్డు తడిసి, జారి, ఎడమ మోకాలి మీద పడ్డాడు. ఏళ్ళ తరబడి క్లచ్చి తొక్కీ తొక్కీ అరిగిపోయిన మోకాలది. ఎముకల డాక్టరు ఫోటో తీయించి, "ఇంకోసారి ఇది నేలకి ఆని బరువు పడిందా, ఇక జన్మలో మడవదు," అన్నాడు. కట్టు కట్టుకుని ఆడటం వరకూ ఫరవాలేదట. కానీ ఊరేగింపు అయ్యాక గుడి వాకిలి నుంచి పీఠం దాకా రాతి నేల మీద మోకాళ్ళతో వెళ్ళాలి. మోకాళ్ళమీద వెళ్ళకుండా లోపలికి వెళ్ళిన ఆటగాణ్ణి నేనైతే చూడలేదు. ఇటు చూస్తే మూడో ఏడు ఎగ్గొడితే తల్లి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటుందని మా వాళ్ళ భయం. వదిన ఆ మాట పైకి అనలేదు గానీ, జనవరి మొదలైన దగ్గర్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టింది. మొగుడు దక్కాలి, మోకాలూ దక్కాలి.

ఒకరోజు పొద్దున్నే పసుపు స్పాంజి, పరుపుల్లో వేసేది, రెండంగుళాల ముక్క కోసింది. దాన్ని దుకాణం ముందు రాతి మెట్టు మీద వేసి, నడిబజార్లో దానిమీద మోకరించింది.

"ఏం వదినా, నాకేనా మొక్కుతున్నావు? లే లే, దీవించేశాను," అన్నాను.

"నోరు మూసుకుని లెక్కపెట్టు."

మూడొందల దాకా లెక్కపెట్టమంది. నూట ఇరవై దగ్గరే ఆవిడ మొహం ముడుచుకుంది. లేచి చూస్తే ముక్క అప్పడంలా అణిగి ఉంది.

"చూశావా దొంగది! వేలితో నొక్కితే ఎంత ఆప్యాయంగా ఉంటుందో. బరువు పడగానే పక్కకి తప్పుకుంది," అని దాన్ని లోపలికి విసిరేసింది.

తర్వాత మినీబస్సు సీటు స్పాంజి. అది బాగానే మోసింది గానీ మరీ లావు, లాగు లోపల రెండు బన్నులు దాచినట్టు కనపడుతుంది. తర్వాత రంగురంగుల తుక్కు స్పాంజి, కోసిన ముక్కల్ని పోగేసి గట్టిగా నొక్కి చేసేది. అది అణగదు, కానీ మోకాలి చిప్పని కింద నుంచి పొడుస్తుంది. హవాయి చెప్పులకి వాడే షీటు మరీ బిరుసు. ప్రతిదానిమీదా ఆవిడే మోకరించింది, నేనే లెక్కపెట్టాను. గిరాకీలు వచ్చి నిలబడి చూస్తుంటే వాళ్ళనీ మోకరించమంది. ముసుగులు చేసే ముసలాయన పాపం రెండుసార్లు మోకరించి, మూడోసారి వదిన కనపడగానే పక్క సందులోకి మళ్ళాడు.

చివరికి ఒక పద్ధతి కుదిరింది. అడుగున చెప్పుల షీటు. దానిమీద తుక్కు స్పాంజి, మధ్యలో చిప్ప పట్టేంత గుండ్రంగా తొలిచేసి. పైన చర్మానికి తగిలేచోట అర అంగుళం మెత్తటి పసుపుది.

"బరువు చిప్ప మీద పడకూడదయ్యా. చుట్టూ ఉన్న ఎముక మీద పడాలి. చిప్ప గుంటలో హాయిగా పడుకోవాలి," అని నాకు బొటనవేలితో నొక్కి చూపించింది. నిజంగానే నా వేలు కింద బల్లని తాకలేదు. చూసి ముచ్చటేసింది, కానీ పైకి అనలేదు. అంటే ఇంకో గంట పాఠం చెబుతుంది.

అతికించడంలో మాత్రం ఆవిడ తొందర ఆవిడకే చుట్టుకుంది. ఆ జిగురు రాశాక వేలికి అంటనంత ఆరే దాకా ఆగాలి. తనే అందరికీ చెబుతుంది. తను ఆగదు. పచ్చి జిగురు మీద నొక్కేసింది. మర్నాటికి అంతా బిస్కెట్టులా గట్టిపడింది. రెండోసారీ అంతే. మూడోసారి నేను గడియారం పట్టుకుని ఆవిడ చేతులకి అడ్డం నిలబడ్డాను, అంచుల వరకే రాయించాను.

అక్కడితో స్పాంజి గొడవ తీరింది, నా ప్రాణం మీదకొచ్చింది. ఇప్పుడు వాటిని కాలికి కట్టాలి కదా. మొదట వెడల్పు ఎలాస్టిక్కు పట్టుకెళ్ళింది. అన్న వాటిని కట్టుకుని స్టేడియం దాకా నడిచి వచ్చేసరికి రెండూ చీలమండల దగ్గర కడియాల్లా వేలాడుతున్నాయి. "నీ ఎలాస్టిక్కు వట్టి సోమరిది," అని నా బల్ల మీద కొట్టింది. బకిలు పట్టీ ఇచ్చాను. మోకాలి వెనక నరం నొక్కుకుపోయి కాలివేళ్ళు నీలంగా మారాయి. "నా మొగుణ్ణి కుంటివాణ్ణి చేద్దామనా?" నడుము బెల్టు నుంచి రెండు నాడాలు దింపి వేలాడదీయమన్నాను. జారడం ఆగింది, కానీ పక్కకి తిరిగిపోతున్నాయి. దానికి తోడు మోకాలి కింద వెల్‌క్రో పట్టీ వేశాం. అది చాలావరకు పనిచేసింది, రెండు గంటలు. ఊరేగింపు అయిదు గంటలు. చెమట, ఉన్ని లాగు నూగు, జనం చల్లే నురగ, అన్నీ కలిసి ముళ్ళ మధ్య పట్టేస్తే వెల్‌క్రో పట్టు వదిలేస్తుంది.

ఈలోగా అన్న ఒకసారి బండి పక్కన ఆపి దుకాణానికి వచ్చాడు. మోకాలి మెత్తను చేతిలోకి తీసుకుని, గుంటలో వేలు పెట్టి చూశాడు.

"బాగా చేశావు," అన్నాడు.

వదిన మొహం వెలిగిపోయింది. "వేసుకుంటావుగా?"

"ఆడేటప్పుడు వేసుకుంటా. పడితే కాపాడుతుంది. గుడి వాకిట్లో తీసేస్తా."

"వాకిట్లో తీసేస్తే ఇంకెందుకయ్యా ఇది? అసలు పని అక్కడేగా!"

"అమ్మ దగ్గరికి మెత్తలేసుకుని వెళ్ళనా?"

"అమ్మకి నీ మోకాలి చిప్ప ఏం చేసుకోనూ? పులుసు పెట్టుకుంటుందా?" అని ఒంటికాలి మీద లేచింది. ఆ రోజుకి అన్న మాటల కోటా అయిపోయింది. బండెక్కబోతూ, "తియ్యడానికి వీలుగా ఉండాలి," అని ఒక్కటే అన్నాడు.

"సరే. వాకిట్లో నేనే తీస్తాలే," అంది వదిన. అంత చప్పున ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

కార్నివాల్‌కి నాలుగు రోజులుందనగా మళ్ళీ నా కొట్లో సొరుగులన్నీ బోర్లించింది. "ఊడనిది కావాలి మెలితోన్. అయిదు గంటలు కాదు, పది గంటలైనా ఊడకూడదు."

అప్పటికి పద్దెనిమిది రకాలు చూపించాను. తల ప్రాణం తోకకొచ్చింది. "ఊడని కట్టు ఎవడూ తయారు చెయ్యడు వదినా. తీసుకోడానికి కాకపోతే కట్టు ఎందుకు? ఊడకూడదంటే కుట్టేసుకో పో!" అని అరిచాను.

ఆవిడ చెయ్యి సొరుగులోనే ఆగిపోయింది. తిరిగి నన్ను తిట్టలేదు. అప్పుడే నేను నాలుక కరుచుకోవాల్సింది.

కార్నివాల్ శనివారం పొద్దున్న నా కొట్లోనే ఆయనకి వేషం వేశారు, ఊరేగింపు మొదలయ్యే చోటు మాకు దగ్గర. అన్న వేడివేడి మొక్కజొన్న జావ గ్లాసు పట్టుకుని, నూనె కారుతున్న జున్ను పూరీ నములుతూ చేతులు చాపి నిలబడ్డాడు. ఆ పీపా ఉడుపు తొడిగాక మనిషికి బొజ్జ కింద ఏముందో కనపడదు, వంగడానికీ వీల్లేదు. వదిన కింద కూర్చుని మెత్తలు సర్ది, వెల్‌క్రో అతికించి, మళ్ళీ చర్రుమని లాగి, మళ్ళీ అతికించింది. ఆ చప్పుడు విని అన్న తల ఊపాడు. అప్పుడు ఆవిడ ఏప్రన్‌లోంచి వంకర సూదీ, చెప్పులు కుట్టే మైనపు దారం తీసింది.

"ఇంకా అవలేదా?" అన్నాడాయన.

"కదలకు. పట్టీ సర్దుతున్నా."

వెల్‌క్రో మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. ఎడమ కాలికి ఎనిమిది, కుడి కాలికి ఆరు. మధ్యలో తలెత్తి నావైపు చూసింది. నేను గుండీల డబ్బాలు సర్దడం మొదలెట్టాను. పిరికి వెధవని, ఏం చెప్పను.

మాది ముందు వరస బృందం కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా గుడి దగ్గరికి చేరాం. దారంతా వదిన నీళ్ళ సీసా పట్టుకుని ఆయన పక్కనే పరిగెత్తింది. బాకాలు ఊదేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడి తిట్లు తింది. ఆయన అడుగు జారినప్పుడల్లా ఈవిడ చెయ్యి చాపేది. అన్న బాగా ఆడాడు, నిజం చెప్పాలి. చేతిలో గిలక్కాయ తిప్పుతూ ఒరిగి లేస్తుంటే, ఆ బరువు కింద ఉన్నది మా డ్రైవరు నికనోరేనా అనిపించింది. మెత్తలు వెంట్రుకవాసి జరగలేదు.

వాకిట్లో ముసుగు తీశాడు. నుదుటి మీద స్పాంజి అచ్చు, కళ్ళనిండా చెమట. గోడకి ఆనుకుని లాగు కాలు పైకి లాగమని వదినకి సైగ చేశాడు. "తియ్యి."

ఆవిడ వంగి కాసేపు పెనుగులాడినట్టు నటించింది. "రావట్లేదయ్యా. తడిసి బిగుసుకుపోయింది. ఈ ఒక్కసారికీ ఇలాగే వెళ్ళు, అమ్మకి తెలీదా నీ సంగతి."

అన్న నావైపు తిరిగాడు. "మెలితోన్, వెల్‌క్రో తడిస్తే బిగుసుకుంటుందా?"

ఏళ్ళ తరబడి అమ్ముతున్నవాణ్ణి. నా బూట్లకేసి చూసుకున్నాను.

"కుట్టావా?" అని అడిగాడు ఆవిణ్ణి.

"కుట్టాను." అని ఏడుపు మొదలెట్టింది. "తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. అవి మాత్రం తియ్యను. ఆ కాలు పోతే బండి ఎలా తోలతావు? ఇంత చేసి ఇక్కడిదాకా తెచ్చుకున్నాను నిన్ను!"

వెనక బృందం వాళ్ళు తోసుకొస్తున్నారు. జరగండని ఎవరో ఈల వేస్తున్నారు. అన్న కదల్లేదు. ఆ గోల మధ్య మెల్లిగా, ఆవిడకీ నాకూ వినపడేంతే మాట్లాడాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనగా నేను అంతకుముందు వినలేదు.

"ఆ రోజు అమ్మతో ఏమన్నావు? మూడేళ్ళు ఆడిస్తానన్నావు. ఆడాను. నీ మొక్కు ఇందాక ఈ గుడి మెట్టు దగ్గర తీరిపోయింది, ఇక నిన్నెవరూ ఏమీ అడగరు. ఈ మోకాళ్ళు మొక్కులో లేవు. ఇవి నావి. బతికింది నేను సెనోబియా. బతికించినందుకు నా అంతట నేను ఆ తల్లికి ఏమైనా ఇచ్చుకున్నానా ఇన్నాళ్ళూ? ఏ దుస్తులు, ఏ బృందం, ఏ మెత్తలు, అన్నీ నువ్వే తేల్చావు. నన్ను ఒక్కసారైనా అడిగావా?"

వదిన జారిన లాగు కాలుని మళ్ళీ పైకి మడిచింది.

"నువ్వు చచ్చిపోతావని భయమేసింది," అంది చివరికి. "ఇప్పటికీ అదే భయం. పొద్దున నీ బండి మలుపు తిరిగిన దగ్గర్నుంచి అదే."

"తెలుసు. అందుకే మూడేళ్ళూ ఆడాను."

ఆవిడ ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నావైపు చూడకుండానే చెయ్యి చాపింది. "కత్తెర."

నా జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉంటుంది, నా వృత్తి అది. ఇచ్చాను. పద్నాలుగు కుట్లూ ఒకటొకటిగా కోసింది. వారాల తరబడి తను మోకరించి, నా చేత లెక్కపెట్టించి చేసిన మెత్తలు రెండూ ఊడి వచ్చాయి. వాటిని ఏప్రన్‌లో చుట్టుకుంది. ఆయన మోకరిస్తుంటే భుజం కింద చెయ్యి వెయ్యబోయింది.

"నువ్వు ఇక్కడే ఉండు," అన్నాడు.

వదిన వాకిట్లో ఆగింది. నేను ఆవిడ పక్కన. అన్న కుడి మోకాలు ముందుకి వేసి, ఎడమ దాన్ని ఈడ్చి, మళ్ళీ కుడిది వేసి, ఆగి, ఊపిరి తీసుకుని వెళ్ళాడు. ఆ పీపా ఉడుపు నేల మీద రాసుకుంటూ ఉంటే పూసలు రాలాయి. మిగతావాళ్ళు ఆయన్ని దాటుకుని పోతున్నారు. సగం దూరంలో ఒకసారి ముందుకి పడి చేతుల మీద ఆగాడు. వదిన ద్వారబంధాన్ని పట్టుకుంది. పరిగెత్తబోయి ఒక కాలు గడప మీద వేసి, వెనక్కి తీసుకుంది. పరిగెత్తలేదు. నా జీవితంలో ఎవరైనా అంత కష్టమైన పని చెయ్యగా నేను చూడలేదు. పీఠం దగ్గర ఆయన తల వంచి చాలాసేపు ఉన్నాడు. ఏమన్నాడో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

లేవలేకపోయాడు. ఇద్దరు ఆటగాళ్ళు చెరో రెక్కా పట్టి లేపి తెచ్చారు.

డాక్టరు చెప్పినట్టే అయింది. ఆ మోకాలు మళ్ళీ మడవలేదు. మినీబస్సు ఇప్పుడు ఆయన బావమరిది తోలుతున్నాడు. ఇది జరిగి నాలుగేళ్ళు. అన్న రోజంతా వదిన దుకాణంలో స్పాంజి కట్ట మీద ఎడమ కాలు చాపుకుని కూర్చుని, ముక్కల్ని కొలిచి గీతలు గీసిపెడతాడు. వచ్చేపోయే జనం ఆ కాలు తట్టుకుని పడబోతుంటారు. వదిన పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాధిస్తూనే ఉంటుంది. "ఆ కాలు లోపలికి పెట్టుకో," "ఆ కాలుకి అద్దె కట్టు," అని. కాలు లోపలికి రాదని ఆవిడకీ తెలుసు. ఆయన్ని సాధించేటప్పుడు ఆవిడ గొంతులో ఉండే సంతోషం గోడ ఇవతల ఉన్న నాకు తెలుస్తుంది.

ఈ జనవరిలో ఒక కొత్త పెళ్ళికూతురు వచ్చింది, ఎర్ర దారంతో అల్లిన జడలు, చేతిలో కొలతల కాగితం. వాళ్ళాయన మొదటిసారి ఆడుతున్నాడట, గుడిలో మోకాళ్ళ కోసం మెత్తలు కావాలంది. వదిన చేసే మెత్తల సంగతి ఊరంతా పాకింది, ప్రతి ఏడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వదిన కాగితం చూసి, మూడు రకాల స్పాంజీ బల్ల మీదకి లాగి, కత్తి నీళ్ళలో ముంచింది. నేను పట్టీలు తీసి పెట్టాను.

"మీ ఆయనకి కట్టు ఎలా కావాలి? వెల్‌క్రోనా, బకిలా?" అని అడిగింది వదిన.

"ఆయనకి ఇంకా చెప్పలేదమ్మా. చెబితే వద్దంటాడు. ఆ రోజు పొద్దున్న తొడిగేద్దామని..."

వదిన కత్తి కింద పెట్టింది. బేరం పోగొట్టుకోవడం ఎరగని మనిషి, మూడు స్పాంజి ముక్కల్నీ తిరిగి అరలో సర్దేసింది.

"ముందు ఇంటికి వెళ్ళి ఆయన్ని అడిగి రా. తర్వాత కోస్తాను."

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "వద్దంటే?"

వెనకాల స్పాంజి కట్ట మీద చాపి ఉన్న కాలుకేసి వదిన తిరిగి చూడలేదు. కత్తి తడిని ఏప్రన్‌తో తుడిచింది.

"వద్దంటే ఆయన మాట వినమ్మా," అంది.